ఎంపీ నిధులు: శిలాఫలకం వెనుక లెక్క

చోడవరం: ఊళ్లో సిమెంటు రోడ్డు పడినా, సామాజిక భవనం లేచినా, బస్సు షెల్టరు వెలసినా పక్కనే ఒక శిలాఫలకం దర్శనమిస్తుంది. దానిపై పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం అని ఉంటే అది ఎంపీ నిధులతో జరిగిన పని. ఆ సొమ్ము ఎవరిది, ఖర్చు చేసేదెవరు, అది దారి తప్పితే అపకీర్తి ఎవరికి అన్న విషయాల్లో గ్రామీణుల్లో నేటికీ అయోమయం ఉంది.

పథకం పుట్టుక

పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరు 23న ఈ పథకం ఆరంభమైంది. తొలి ఏడాది ఒక్కో సభ్యునికి రూ.5 లక్షలు కేటాయించారు. 1994-95లో రూ.కోటికి, 1998-99లో రూ.2 కోట్లకు, 2011-12లో రూ.5 కోట్లకు పెంచారు. కరోనా కారణంగా 2020 ఏప్రిల్‌లో నిలిపివేసి, 2021 నవంబరులో పునరుద్ధరించారు.

సిఫార్సు వరకే అధికారం

నిబంధనల ప్రకారం ఎంపీ చేతికి ఒక్క రూపాయీ రాదు. పనిని సిఫార్సు చేయడం వరకే ఆయన హక్కు. మంజూరు, అంచనాలు, అమలు, బిల్లుల చెల్లింపు జిల్లా యంత్రాంగం బాధ్యత. నిధుల్లో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు వెచ్చించాలి. తాగునీరు, విద్య, ఆరోగ్యం, రహదారులు వంటి ప్రజోపయోగ పనులకే ఇవి చెల్లుతాయి. ప్రార్థనా స్థలాలకు, ప్రైవేటు లాభానికి వాడరాదు.

మచ్చ పడింది ఇలా..

సిఫార్సు లేఖకే వెల కట్టిన వైనాన్ని 2005 డిసెంబరు 19న స్టార్ న్యూస్ ఛానల్ రహస్య కెమెరా దృశ్యాలతో బయటపెట్టింది. పనుల సిఫార్సుకు కొందరు ఎంపీలు కమీషన్ మాట్లాడుకుంటున్నట్లు అందులో కనిపించింది. లోక్‌సభ సభ్యులపై విచారణ జరిపిన కమిటీకి సారథ్యం వహించింది ఉత్తరాంధ్ర నేతే. ఆయన నాటి పార్వతీపురం ఎంపీ వి.కిశోర్ చంద్రదేవ్. నలుగురు సభ్యులను సభ 2006 మార్చిలో మందలించి, మార్చి 22 వరకు సస్పెండ్ చేసింది. రాజ్యసభ సభ్యుడు సాక్షి మహరాజ్‌ను మార్చి 21న ఆ సభ బహిష్కరించింది.

పోయిన పేరు ఎవరిది?

సాక్షి మహరాజ్ 2014లో ఉన్నావ్ నుంచి లోక్‌సభకు గెలిచారు. సస్పెండైన వారిలో ఒకరైన ఫగ్గన్ సింగ్ కులస్తే తరువాత కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. వ్యక్తులు ప్రజాతీర్పుతో మళ్లీ నిలదొక్కుకున్నారు గానీ, పథకంపై పడిన మచ్చ చెరగలేదు. దీన్ని ఎత్తివేయాలని రాజ్యాంగ సమీక్షా సంఘం 2002లోనే సూచించగా, వీరప్ప మొయిలీ సారథ్యంలోని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2007లో అదే మాట చెప్పింది. అయితే పథకం రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2010 మే 6న తీర్పునిచ్చింది. ఎక్కడో ఒకరిద్దరు చేసిన తప్పుకు, నిజాయితీగా వేసిన రోడ్డును సైతం జనం అనుమానంగా చూడవలసి రావడమే ఇందులోని అసలు నష్టం.

లెక్క అడగవచ్చు

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా సిఫార్సు లేఖ, అంచనా, కొలతల పుస్తకం, బిల్లుల నకళ్లు కోరవచ్చు. రాష్ట్రంలో దరఖాస్తు రుసుం జిల్లా స్థాయిలో రూ.10, మండల స్థాయిలో రూ.5. గ్రామ స్థాయిలో రుసుం లేదు. సాధారణంగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. చోడవరం అనకాపల్లి లోక్‌సభ స్థానం పరిధిలోనిది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినందున, అంతకు ముందు నాటి పనుల వివరాలు కోరేవారు అవి విశాఖపట్నం జిల్లా కాలం నాటివని దరఖాస్తులో పేర్కొనడం మేలు. ఫలకంపై ఉన్న మొత్తాన్ని, కొలతల పుస్తకంలోని అంకెను, కళ్లెదుట ఉన్న పనిని పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. మూడూ సరిపోతే పని చేసిన వారి పేరు నిలుస్తుంది. సరిపోకుంటే ప్రశ్నించే హక్కు ఊరికి ఉంది.