ఖజానా మీద ఎవరి సంతకం? ఇబ్రహీంపట్నం మున్సిపాలిటీలో ఆర్థికాధికారం: ఒక పరిశీలన

తెలంగాణలో స్థానిక సంస్థల మీద వచ్చే పరిశోధన ఎక్కువగా నిధుల కొరత చుట్టూ తిరుగుతుంది. ఆర్థిక సంఘం ఎంత ఇచ్చింది, రాష్ట్రం ఎంత విడుదల చేసింది, ఇంటి పన్ను ఎంత వసూలైంది అన్న లెక్కలకు లోటు లేదు. వచ్చిన రూపాయిని ఖర్చు చేసే సంతకం ఎవరిది, ఆ సంతకాన్ని నిలదీసే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది. అమెరికాలోని కొన్ని పెద్ద నగరాలు ఇలా నిలదీసే పనికి ఒక మనిషిని నేరుగా ఓట్లేసి ఎన్నుకుంటాయి. మన దగ్గర అలాంటి పదవి లేదు. ఆ లోటు ఎలా కనిపిస్తుందో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కృష్ణా ఒడ్డున విజయవాడ పక్కన ఉన్న ఇబ్రహీంపట్నం కాదు. నాగార్జునసాగర్ రోడ్డు మీద, కుతుబ్‌షాహీల నాటి పెద్ద చెరువు గట్టున ఉన్న ఊరు.

ఈ ఊరిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇక్కడ మున్సిపాలిటీ, దాని చుట్టూ గ్రామ పంచాయతీలు పక్కపక్కనే ఉన్నాయి. హైదరాబాద్ వైపు నుంచి వెంచర్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, ఆదిభట్ల పరిశ్రమలు వచ్చి భూమి ధరను మార్చేశాయి. నిన్నటిదాకా పంచాయతీగా ఉన్న చోటు ఇవాళ మున్సిపల్ వార్డు అవుతోంది. రెండు చట్టాలు, రెండు రకాల సంతకాలు ఒకే మండలంలో పక్కపక్కన చూడొచ్చు.

ఒక మురుగుకాలువ బిల్లు ప్రయాణం

సిద్ధాంతం కంటే ముందు ఒక బిల్లు వెంట నడవడం మేలు. మున్సిపాలిటీలో ఒక వీధిలో సీసీ డ్రైన్ కట్టారనుకుందాం. ఇంజనీరింగ్ విభాగం అంచనా వేస్తుంది. పని కౌన్సిల్ అజెండాలోకి ఎక్కుతుంది. సమావేశంలో అజెండా అంశాలు గబగబా చదివేస్తారు, సభ్యులు చేతులెత్తుతారు, తీర్మానం అయిపోతుంది. టెండరు, ఒప్పందం, పని, ఆపైన ఎంబీ (కొలతల పుస్తకం)లో కొలతలు. ఏఈ రాసిన కొలతను డీఈ సరిచూస్తారు. బిల్లు అకౌంట్స్ విభాగానికి వస్తుంది. చివరికి డబ్బు విడుదల కమిషనర్ సంతకంతో జరుగుతుంది. చైర్‌పర్సన్‌కు చెక్ పవర్ లేదు. కౌన్సిలర్‌కు అసలే లేదు. కాలువ తన వార్డులోదే అయినా, ఎంబీ తెరిచి చూపించమని అడిగి తీరే అధికారం ఆ కౌన్సిలర్‌కు విడిగా లేదు. అడగవచ్చు గానీ, చూపించడం, చూపించకపోవడం చాలాసార్లు మర్యాద మీద, పార్టీ మీద ఆధారపడే విషయం.

అదే కాలువ పక్క గ్రామంలో కడితే కథ వేరు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇచ్చారు. 2019 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాలు ఆ పద్ధతిలోనే నడిచాయి. పంచాయతీ కార్యదర్శి కాగితాలు సిద్ధం చేస్తారు, ఇద్దరు ప్రజాప్రతినిధులు సంతకం పెడతారు, బిల్లు ఎస్టీవో (ఉప ఖజానా అధికారి) ఆఫీసుకు వెళ్తుంది. అక్కడ టోకెన్ పడుతుంది. టోకెన్ పడటం వేరు, డబ్బు పడటం వేరని ఏ సర్పంచ్‌ను అడిగినా చెబుతారు. పదవీకాలం 2024లో ముగిశాక పెండింగ్ బిల్లుల కోసం మాజీ సర్పంచులు రాష్ట్రమంతా ఆందోళన చేశారంటే, ఊళ్లో సంతకం ఎవరిదైనా అసలు తాళం పైన ఖజానా శాఖ దగ్గరే ఉందని అర్థం.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. గ్రామం మున్సిపాలిటీలో విలీనమైన రోజున ఆ ఊరి డబ్బు మీద ఎన్నికైన మనిషి సంతకం మాయమవుతుంది. పన్ను పెరుగుతుంది, బడ్జెట్ పెరుగుతుంది, ప్రజాప్రతినిధి ఆర్థికాధికారం మాత్రం సున్నాకు వస్తుంది. ఊరు పట్టణమవుతున్నకొద్దీ ప్రజల చేతిలోని అధికారం పెరగాలని 74వ రాజ్యాంగ సవరణ ఆశించింది. ఆ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. చెక్కు పుస్తకం విషయంలో మాత్రం జరిగింది అందుకు వ్యతిరేకం. విలీనాలను వ్యతిరేకించే గ్రామస్థులు ఉపాధి హామీ పనులు పోతాయని, ఇంటి పన్ను పెరుగుతుందని చెప్పే కారణాలు పత్రికలకెక్కుతాయి. సంతకం పోతుందన్న ఈ కారణం ఎక్కదు.

రెండో సంతకం ఎందుకు బెడిసికొట్టింది

అలాగని పంచాయతీ పద్ధతే మేలని తేల్చేస్తే తొందరపాటే. జాయింట్ చెక్ పవర్ ఉద్దేశం మంచిదే: ఒకరు ఖర్చు పెడితే ఇంకొకరు కాపలా కాయాలి. ఆచరణలో చాలా గ్రామాల్లో ఉపసర్పంచ్ సంతకం బేరానికి వచ్చింది. పడనివాళ్లు సంతకం ఆపేస్తే ట్రాక్టరు డీజిల్ బిల్లు, పారిశుధ్య కార్మికుల జీతం, వీధిదీపాల కరెంటు బిల్లు అన్నీ ఆగిపోయాయి. అధికారులు జోక్యం చేసుకుని ఆ అధికారాన్ని మరో వార్డు సభ్యుడికి అప్పగించిన సందర్భాలూ వార్తల్లోకి వచ్చాయి. పడినవాళ్లయితే ఇంకో రకం ముప్పు: రెండు సంతకాలూ ఒకే చేతి నుంచి వచ్చినట్టు ఉంటాయి.

తప్పు ఎక్కడుంది? ఉపసర్పంచ్‌ను జనం నేరుగా ఎన్నుకోరు, వార్డు సభ్యులు ఎన్నుకుంటారు. కాబట్టి సర్పంచ్‌ను ప్రశ్నించడానికి వేరే ప్రజాతీర్పు ఆయన వెనక లేదు. అంతకంటే పెద్ద లోపం మరొకటి. సంతకం ఆపే శక్తి ఉంది గానీ, ఏ కారణం మీద ఆపాలి, ఎన్ని రోజులు ఆపవచ్చు, ఆపితే రాతపూర్వకంగా ఏం చెప్పాలి అన్న కట్టుబాటు ఆచరణలో ఎక్కడా కనబడదు. లెక్కలు చూడటానికి సిబ్బంది లేరు, శిక్షణ లేదు. కాపలాదారుకు చేతికర్ర ఇచ్చాం, దీపం ఇవ్వలేదు.

న్యూయార్క్ పద్ధతిలో పనికొచ్చేది, పనికిరానిది

నిలదీసే పనికి నేరుగా ఎన్నుకునే పదవికి ఒక ఉదాహరణ న్యూయార్క్ నగర కంప్ట్రోలర్. ఆ పదవి 1801 నాటిది. ఇప్పుడు మేయర్‌తో పాటే నాలుగేళ్లకోసారి నగరమంతా ఓటేసి కంప్ట్రోలర్‌ను ఎన్నుకుంటుంది. వంద బిలియన్ డాలర్లు దాటిన నగర బడ్జెట్‌ను తయారుచేసేది మేయర్ యంత్రాంగమే. కంప్ట్రోలర్ పని వేరు. ప్రతి నగర విభాగాన్నీ కనీసం నాలుగేళ్లకోసారి ఆడిట్ చేయాలి, ఉద్యోగుల 5 పింఛను నిధులను కాపాడాలి, నగరం కుదుర్చుకునే ఒప్పందాలను నమోదు చేయాలి, నగరం మీద వచ్చే పరిహార దావాలను తేల్చాలి. బాండ్ల అప్పులోనూ ఆయన పాత్ర ఉంటుంది.

మనకు ఎక్కువ పనికొచ్చేది ఒప్పందాల నమోదు. ఒప్పందం తన బల్ల మీదికొచ్చాక కంప్ట్రోలర్‌కు 30 రోజుల గడువు. ఆ లోపు నమోదు చేయాలి, లేదా నిధులు లేవనో, అవినీతి అనుమానం ఉందనో చట్టం ఒప్పుకునే కారణం చూపించి వెనక్కి పంపాలి. అవినీతి అనుమానం మీద వెనక్కి పంపిన ఒప్పందానికి మేయర్ జవాబిచ్చి నమోదు చేయించుకునే వీలుంది. అప్పుడు ఆ నిర్ణయం తాలూకు మంచిచెడ్డలు మేయర్ నెత్తినే పడతాయి. అంటే ఆపే అధికారానికి గడువుంది, కారణముంది, పైచేయి ఎవరిదో ముందే రాసి ఉంది. మన ఉపసర్పంచ్ సంతకానికి లేనివి సరిగ్గా ఇవే. హ్యూస్టన్‌లో కూడా ఎన్నికైన కంట్రోలర్ నిధులున్నాయని ధ్రువీకరించాకే నగరం ఒప్పందం చేసుకోగలుగుతుంది.

ఈ పదవిని నెత్తిన పెట్టుకోవాల్సిన పని మాత్రం లేదు. న్యూయార్క్ చరిత్రే అందుకు సాక్ష్యం. నగర రాజకీయ నాయకుడు బాస్ ట్వీడ్ ముఠా కోర్టు భవనం కట్టే పేరుతో నగరాన్ని దోచినప్పుడు, కంప్ట్రోలర్ రిచర్డ్ కానలీ ఆ ముఠాలో ఒకడు. లెక్కల పుస్తకాల నకళ్లు పత్రికకు చేరి అచ్చయ్యాకే 1871లో గుట్టు రట్టయింది. వందేళ్ల తర్వాత ఏబ్రహం బీమ్ రెండు విడతలు కంప్ట్రోలర్‌గా చేసి, నగర పద్దులు తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియవన్న పేరుతో 1974లో మేయరయ్యాడు. మరుసటి ఏడాదే న్యూయార్క్ దివాలా అంచుకు చేరింది. రోజువారీ ఖర్చులను పెట్టుబడి పద్దులోకి నెట్టి ఏళ్ల తరబడి లోటు దాచిన అలవాటు అప్పుడు బయటపడింది. ఎన్నికైనవాడు కాబట్టి నిజాయితీపరుడనో, లెక్కలు తెలిసినవాడు కాబట్టి జాగ్రత్తపరుడనో అనుకోవడానికి ఆధారం లేదు. పైగా ఈ కుర్చీ మేయర్ కుర్చీకి మెట్టు. బ్రాడ్ లాండర్ కంప్ట్రోలర్‌గా ఉంటూనే 2025లో మేయర్ పదవికి పోటీపడ్డాడు. మేయర్ కావాలనుకునే మనిషి రాసే ఆడిట్‌ను కొంత అనుమానంతోనే చదవాలి.

ఇంటికి దగ్గరి నమూనాలు

అంత దూరం వెళ్లనవసరం లేకుండానే దక్షిణాది రాష్ట్రాల్లో సగం జవాబు దొరుకుతుంది. కేరళ మున్సిపాలిటీ చట్టం 1994 ప్రకారం వైస్ చైర్‌పర్సనే ఆర్థిక స్థాయీ సంఘానికి అధ్యక్షుడు. కార్పొరేషన్‌లో డిప్యూటీ మేయర్. బడ్జెట్ ప్రవేశపెట్టేది వారే. మన వైస్ చైర్‌పర్సన్ పదవిని దీనితో పోల్చి చూస్తే నవ్వొస్తుంది. చైర్‌పర్సన్ లేని రోజున కుర్చీలో కూర్చోవడం తప్ప చెప్పుకోదగ్గ పని కనిపించదు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బళ్లారి నగరపాలక సంస్థకు వర్తించే కర్ణాటక చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. పన్నులు, ఆర్థిక వ్యవహారాలకు ఒక స్థాయీ సంఘం, లెక్కలకు విడిగా ఇంకొకటి. రాబడి చూసేవాళ్లు, పద్దు తనిఖీ చేసేవాళ్లు వేరుగా ఉండాలన్న ఆలోచన అందులో ఉంది.

మన రాష్ట్రంలో హైదరాబాద్ కార్పొరేషన్ 1955 నాటి చట్టంలో ఎగ్జామినర్ ఆఫ్ అకౌంట్స్ పదవి ఉంది. అది నియామక పదవి. ఇబ్రహీంపట్నం వంటి పట్టణాలకు వర్తించే తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 పన్నుల స్వీయ మదింపు తెచ్చింది, 75 గజాల లోపు చిన్న ఇంటికి ఏడాదికి 100 రూపాయల పన్ను ఖరారు చేసింది, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించింది, వార్డు కమిటీలు పెట్టింది. డబ్బు ఎలా రావాలి, దేనికి పోవాలి అన్నవాటి మీద ఇంత పట్టింపు ఉన్న చట్టం, పోయిన డబ్బును కౌన్సిల్ ఎలా సరిచూడాలన్న దగ్గర పెద్దగా ఆగదు. జీతాలు, కరెంటు, పారిశుధ్యం, పచ్చదనం పోగా కౌన్సిలర్ స్వేచ్ఛగా చర్చించగలిగే మొత్తం ఎలాగూ కొంచెమే. ఆ కొంచెం మీద కూడా వెనక్కి తిరిగి చూసే వేదిక లేదు.

ఆడిట్ లేదని కాదు. 1989 నాటి స్టేట్ ఆడిట్ చట్టం కింద రాష్ట్ర ఆడిట్ శాఖ ఏటా లెక్కలు చూస్తుంది, అభ్యంతరాలు రాస్తుంది, నష్టానికి బాధ్యులైనవారి మీద సర్‌చార్జి వేయగలదు. పంచాయతీల ఆన్‌లైన్ ఆడిట్‌లో తెలంగాణ దేశంలోనే ముందు నిలిచింది కూడా. చిక్కంతా నివేదిక తర్వాతే. అభ్యంతరాల పేరాలు పేరుకుపోతాయి. జవాబు రాయాల్సింది ఖర్చు పెట్టిన కార్యాలయమే. రాసేనాటికి కమిషనర్ బదిలీ అయి ఉంటారు. ఆ పేరాలను కౌన్సిల్‌లో ఒక్కొక్కటిగా చదివి, ఫలానా వార్డు ఫలానా కాలువ బిల్లు గురించి అడిగే పని ఏ సభ్యుడిదీ కాదు.

2020 జనవరిలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో ముగిసి, ప్రత్యేకాధికారుల పాలన వచ్చినప్పుడు ఈ లోపం మరింత స్పష్టమైంది. ప్రతిపాదించేదీ, ఆమోదించేదీ, చెల్లించేదీ అధికార యంత్రాంగమే అయింది. ప్రజల తరఫున చేతులెత్తే తంతు కూడా లేకుండా పోయింది. అయినా పట్టణంలో పెద్ద అలజడి లేదు. కారణం తేలికే: ఉన్నప్పుడు కూడా కౌన్సిల్ చేతిలో ఖజానా లేదు కాబట్టి, పోయినప్పుడు పోయినట్టు ఎవరికీ అనిపించలేదు.

ఏం చేయవచ్చు

ఇబ్రహీంపట్నం స్థాయి పట్టణానికి నేరుగా ఎన్నికైన కంప్ట్రోలర్ అవసరం లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇంకో ఎన్నిక, ఇంకో ప్రచార ఖర్చు, దాన్ని రాబట్టుకునే ఇంకో మనిషి తయారవుతారు. కావలసింది పని విభజన. వైస్ చైర్‌పర్సన్‌ను లెక్కల సంఘానికి అధ్యక్షుడిని చేసి, చైర్‌పర్సన్ పార్టీకి చెందని సభ్యులకు అందులో తప్పనిసరిగా చోటివ్వాలి. ఒక పరిమితి దాటిన ప్రతి ఒప్పందమూ ఆ సంఘం ముందుకు రావాలి. 30 రోజుల్లో రాతపూర్వక కారణం చూపకపోతే ఆమోదించినట్టే లెక్క. చూపితే కమిషనర్ రాతలో జవాబివ్వాలి. ఎంబీ చూసే హక్కు సంఘానికి ఉండాలి. ఆడిట్ పేరాలు వచ్చిన మూడు నెలల్లో కౌన్సిల్‌లో తెలుగులో చదవాలి. ఇంటి పన్ను డిమాండ్, వసూలు, బకాయిల పట్టిక వార్డులవారీగా కార్యాలయం గోడ మీద ఉండాలి. చెక్కు మీద సంతకం కమిషనర్ దగ్గరే ఉండనివ్వండి. రెండో సంతకం ఏం చేసిందో పంచాయతీల్లో చూశాం.

దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మున్సిపాలిటీల లెక్కలు ఎలా రాయాలో, ఎలా తనిఖీ చేయాలో చట్టం చేసే అధికారాన్ని 243-జెడ్ అధికరణ రాష్ట్ర శాసనసభకే ఇచ్చింది. 2019 చట్టానికి ఒక చిన్న సవరణ చాలు.