మాంగో: వంతెన దాటితే పార్కులు, హైవే ఎక్కితే పటచిత్రాలు

జంషెడ్‌పూర్‌లో నాటకమో, సంగీత కచేరీయో, చిత్ర ప్రదర్శనో జరిగిందంటే అది బిష్టుపూర్‌లోనో, సాక్చిలోనో, సోనారిలోనో అయివుంటుంది. మాంగో పేరు వినిపించడం అరుదు. సువర్ణరేఖ నదికి ఆవలి ఒడ్డున పెరిగిన ఈ ప్రాంతంలో 2011 జనాభా లెక్కల నాటికే 2 లక్షల మందికి పైగా ఉన్నారు. కానీ ఇది టాటా కంపెనీ లీజు భూమికి బయట ఉంది. ఉక్కు పట్టణానికి దశాబ్దాలుగా కంపెనీ సమకూర్చిన పార్కులు, క్లబ్బులు, సభామందిరాలు నదికి ఇవతలి వైపు రాలేదు. పిల్లలతో ఆదివారం సరదాగా గడపాలనుకున్న మాంగో కుటుంబం ముందుగా ఆలోచించేది వంతెన మీద ట్రాఫిక్ గురించే.

వంతెన దాటగానే సాక్చి. అక్కడికి దగ్గరలోనే జూబ్లీ పార్కు. కంపెనీకి 50 ఏళ్లు నిండిన సందర్భంగా ఇచ్చిన ఈ పార్కును 1958లో నెహ్రూ ప్రారంభించారు. మైసూరు బృందావన్ గార్డెన్స్ దీనికి నమూనా. మార్చి 3న జంషెట్‌జీ టాటా జయంతికి పార్కు నిండా దీపాలు వెలుగుతాయి. ఆ రోజుల్లో జనం తొక్కిసలాడతారు. చిన్నపిల్లలున్నవారు చీకటి పడగానే వెళ్లి త్వరగా వచ్చేయడం మంచిది. సాక్చిలోని రవీంద్ర భవన్‌లో సంగీత, నాటక కార్యక్రమాలు జరుగుతాయి. తెలుగు కుటుంబాలకు బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఎలాగూ ఉంది.

ఇవన్నీ కూర్చుని చూసేవి. పిల్లల చేతికి పని చెప్పే కళలు మాత్రం పట్టణం చుట్టూ ఉన్న పల్లెల్లో ఉన్నాయి. ఆ పల్లెలకు దారి మాంగో మీదుగానే వెళుతుంది. రాంచీ నుంచి వచ్చే జాతీయ రహదారి మాంగో అంచు నుంచి ఘాట్‌శిల వైపు సాగుతుంది. ఆ దారిలో సుమారు 60 కిలోమీటర్లు వెళితే ధల్‌భూమ్‌గఢ్ ప్రాంతంలో ఆమాడుబి గ్రామం వస్తుంది. చిత్రకార్ ఇంటిపేరున్న కుటుంబాలు ఇక్కడ పైట్‌కర్ చిత్రాలు వేస్తాయి. కాగితాలను ఒకదానికొకటి అతికించి పొడవైన చుట్టగా చేస్తారు. రాళ్లు, మట్టి, ఆకుల నుంచి రంగులు తీసి, చెట్టు బంక కలిపి బొమ్మలు వేస్తారు. చుట్టను మెల్లగా విప్పుతూ, పాట పాడుతూ కథ చెప్పడం దీని అసలు పద్ధతి. తెలంగాణ చేర్యాల నకాషీ పటాలను చూసినవారికి ఇది పరాయి కళలా అనిపించదు. అక్కడా కులపురాణాలు చెప్పేవారి కోసమే పటం పుట్టింది.

ఆమాడుబిని గ్రామీణ పర్యాటక కేంద్రంగా తీర్చిదిద్దారు. అయినా ఈ కళ నిలిచేది కొనేవాళ్లుంటేనే. ఇంటింటికీ తిరిగి పటం విప్పితే బియ్యమో డబ్బో ఇచ్చే రోజులు పోయాయి. ఇప్పుడు చాలా బొమ్మలు గోడకు తగిలించుకునే సైజులో వస్తున్నాయి. అలాంటిదొకటి కొనుక్కుని వెంటనే కారెక్కితే సగమే చూసినట్టు. రంగు నూరడం చూపించమని, పాట వినిపించమని అడగాలి. ఆ సమయానికి కూడా డబ్బు చెల్లించడం న్యాయం.

దారిలో ఘాట్‌శిలలో ఆగితే బిభూతిభూషణ్ బందోపాధ్యాయ ఇల్లు గౌరీకుంజ్ చూడొచ్చు. ‘పథేర్ పాంచాలీ’ రచయిత 1950లో కన్నుమూసింది ఈ ఊళ్లోనే. ఆయన ‘ఆరణ్యక్’ మన పాఠకులకు ‘వనవాసి’గా తెలుసు. ఆ నవలలోని అడవి ఇది కాదు గానీ, పుస్తకం చదివినవారికి ఈ సాల చెట్లను చూడగానే అది గుర్తొస్తుంది.

సరాయికేలా ఇంకో దిక్కున ఉంది. అక్కడికి వంతెన, పట్టణం, ఖర్కాయ్ నది, ఆదిత్యపూర్ అన్నీ దాటి వెళ్లాలి. 2010లో యునెస్కో గుర్తింపు పొందిన ఛౌ నృత్యంలోని మూడు శైలుల్లో ఒకటి ఈ ఊరిది. మయూర్‌భంజ్ ఛౌలో ముసుగు ఉండదు, పురూలియా ముసుగులు భారీగా ఉంటాయి. సరాయికేలా ముసుగు మాత్రం తేలికగా, నున్నగా, దాదాపు ఏ భావమూ లేనట్టు ఉంటుంది. ముఖం కదలదు కాబట్టి దుఃఖమైనా గర్వమైనా మెడ, భుజాలు, పాదాలే చెప్పాలి. లోపల ఊపిరాడటం కష్టం కావడంతో ఒక్కో అంశం కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. పిల్లలకు విసుగు రాకపోవడానికి అదీ ఒక కారణం. ఏప్రిల్ మధ్యలో చైత్ర పర్వం వేళ వెళ్లడం ఉత్తమం.

అంత దూరం వెళ్లలేనివారికి మకర సంక్రాంతి ఉంది. మనకు భోగి, గొబ్బెమ్మలు జరిగే రోజుల్లోనే ఇక్కడ టుసు పండుగ. పుష్య మాసమంతా ఆడపిల్లలు పాటలు పాడి, వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికించిన ‘చౌడల్’లను సంక్రాంతికి నదిలో నిమజ్జనం చేస్తారు. పాట గొబ్బిని, నీళ్లలో వదలడం బతుకమ్మను గుర్తుచేస్తాయి. సువర్ణరేఖ, ఖర్కాయ్ కలిసే దోముహానీ దగ్గర సందడి ఎక్కువ. వెదురు, కాగితం, జిగురు ఉంటే చౌడల్‌ను ఇంట్లోనే కట్టొచ్చు. వాకిట్లో ముగ్గు వేసే చేతులకు అదేమంత కష్టం కాదు.

సంతాల్, హో, ముండా, ఉరావ్ తెగల జీవితం గురించి పిల్లలకు ముందే కొంత తెలిస్తే ఈ పండుగలు బాగా అర్థమవుతాయి. అందుకు సోనారిలోని ట్రైబల్ కల్చర్ సెంటర్‌లో ఒక పూట చాలు. టాటా స్టీల్ 2014లో మొదలుపెట్టిన ‘సంవాద్’ ఆదివాసీ సమ్మేళనం బిర్సా ముండా జయంతి అయిన నవంబర్ 15న ఆరంభమవుతుంది. సాయంత్రం పాటలు, ఆటలతో పాటు ఆదివాసీ వంటలూ దొరుకుతాయి.

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీ, ఇంగ్లీషు చదివే పిల్లలకు ఆమాడుబి నుంచి తెచ్చుకోదగ్గది ఇంకొకటి ఉంది. నాలుగు డ్రాయింగ్ కాగితాలు అతికించి, తాతయ్య శ్రీకాకుళం నుంచో విశాఖ నుంచో రైలెక్కి టాటానగర్‌లో దిగిన కథను పటంగా వేయించవచ్చు. బొమ్మ కింద ఊరి పేరు తెలుగులో రాయమంటే నాలుగు అక్షరాలు చేతికొస్తాయి. కథ చెప్పడానికి అమ్మమ్మ ఇంట్లోనే ఉంటుంది. ఈ పనికి వంతెన దాటాల్సిన అవసరం కూడా లేదు.