కోటప్పకొండ గొల్లభామ, గర్భవిచ్ఛిత్తి చట్టం

నరసరావుపేట సమీపంలోని కోటప్పకొండ స్థలపురాణంలో, పెండ్లి కాకుండానే శివమాయ వలన గర్భం దాల్చిన గొల్లభామ ఆనందవల్లి నిందితురాలు కాదు, కొండపై ప్రత్యేకంగా గుడి వెలసిన పూజనీయురాలు. లోకవ్యవహారంలో మాత్రం 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్, తల్లి ప్రాణరక్షణకు తప్ప చేసే గర్భస్రావాన్ని నేరంగా పరిగణించి, గర్భిణిని సైతం శిక్షార్హురాలిని చేసింది. 1964లో ఏర్పడిన శాంతిలాల్ షా సంఘం సిఫారసుల దరిమిలా, పార్లమెంటు 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టాన్ని, అనగా నిర్ణీత కారణాలపై వైద్యుడు గర్భాన్ని తొలగించేందుకు వీలిచ్చే శాసనాన్ని ఆమోదించింది. 20 నుంచి 24 వారాల మధ్య అందులోని వెసులుబాటును 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు అవివాహితలకూ వర్తింపజేసింది. అమెరికాలో 2022 ఆగస్టున కాన్సాస్, 2023 నవంబరున ఓహాయో ఓటర్లు తమ రాష్ట్ర రాజ్యాంగ సవరణలపై నేరుగా ఓటు వేసి గర్భవిచ్ఛిత్తి హక్కు పక్షాన నిలవగా, భారతదేశంలో దీనిని పార్లమెంటు, న్యాయస్థానాలే నిర్ణయించాయి.