ఇవతల ఒడ్డా, అవతల ఒడ్డా?

రాజమండ్రిలో ఉద్యోగమో వ్యాపారమో ఉన్న సంసారాల్లో ఈ చర్చ ఏదో ఒకనాడు రాక మానదు. "కొవ్వూరులో స్థలం కొనుక్కుందామా?" అంటాడు ఇంటాయన. "అమ్మో, రోజూ గోదావరి దాటాలా!" అంటుంది ఇల్లాలు. ఆయన లెక్కలు ఆయనకున్నాయి. ఊరు ప్రశాంతం. గోష్పాద రేవు దగ్గర. గట్టు వెంట ఎగువకి కాస్సేపు ప్రయాణం చేస్తే పట్టిసం, పోలవరం, ఆ వెనక పచ్చటి కొండలు. ఆవిడ లెక్క మాత్రం ఒక్కటే: అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే?

తేలిగ్గా తీసిపారేయకండి. అవతల ఒడ్డున కాపురం పెట్టాలా వద్దా అన్నది ఎప్పుడూ ఆ ప్రశ్న మీదే ఆగింది.

పాపికొండల మధ్య ఒదిగి ఒదిగి వచ్చే గోదావరి, కొండలు దాటగానే ఒళ్ళు విరుచుకుంటుంది. రాజమండ్రి చేరేసరికి ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య సుమారు మూడు కిలోమీటర్ల నీరు. 1890 తర్వాత రైలుపట్టాలు ఇటూ అటూ వచ్చేశాయి గాని, నది దగ్గర ఆగిపోయాయి. మూటాముల్లే దింపుకుని, నావ ఎక్కి, మళ్ళీ అవతల రైలెక్కాలి. 1897లో వంతెన పని మొదలై 1900లో పూర్తయింది. 56 గడ్డర్ల ఆ వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు.

ఇంకేం, దూరం తీరిపోయిందనుకుంటాం. తీరలేదు. రైలొచ్చింది గాని రోడ్డు రాలేదు. కోర్టు పనికి వెళ్ళే పెద్దమనిషి, కాలేజీకి వెళ్ళే కుర్రాడు రైలు వేళకి తయారై వెళ్ళగలరు. పురుటినొప్పులు టైంటేబిల్ చూసుకుని రావు కదా! రైలు లేని వేళ పడవే గతి. ఎర్రనీళ్ళు దిగి గోదావరి పోటు మీదుంటే ఆ పడవ ఎక్కడానికీ గుండెలుండాలి. ఇలా ఒకటి కాదు, రెండు కాదు, 74 ఏళ్ళు.

1974లో రెండో వంతెన వచ్చింది. కింద రైలు, పైన రోడ్డు. అవతల ఒడ్డు నిజంగా దగ్గరైంది ఆ ఏడే అంటాను నేను. పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని బస్సెక్కిన ఆడపిల్ల రాజమండ్రిలో చదువుకుని దీపాలవేళకి ఇల్లు చేరచ్చు. రాత్రివేళ ఆసుపత్రికి బండి కట్టచ్చు. ఒక వంతెన ఆఫీసులకీ కోర్టులకీ దారి వేస్తే, రెండోది వంటింటి దాకా వచ్చింది. 1997లో విల్లుల్లాంటి కమానులతో మూడోది వచ్చింది, ముసలి హేవలాక్ అదే ఏడు విశ్రాంతి తీసుకుంది. 2015 పుష్కరాలనాటికి నాలుగోది కూడా వచ్చేసింది.

కాగితాలకి మాత్రం తెలివి ఆలస్యంగా వచ్చింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టాక, కళ్ళెదుట కనిపించే రాజమండ్రిని కాదని, కొవ్వూరువాళ్ళు జిల్లా పనులకి ఏలూరు పోవాల్సి వచ్చేది. 2022లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కొవ్వూరుని తూర్పు గోదావరిలో కలిపి, రాజమండ్రినే ఆ జిల్లాకి కేంద్రం చేశారు. పడమటి ఒడ్డున ఉన్న ఊరు తూర్పు గోదావరి జిల్లాలో! (ఆ రాజమండ్రిని ఇప్పుడు రాజమహేంద్రవరం అంటున్నాం గాని, నోటికి పాత పేరే వస్తుంది.)

అలాగని కొవ్వూరంటే రాజమండ్రికి తోక అనుకునేరు. సంస్కృతానికి పేరుపొందిన ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం అక్కడిదే. కలకత్తా పక్కన హౌరా ఎంత ఊరో, తన మటుకు తాను కొవ్వూరూ అంత ఊరే.

అయితే వంతెన ఉందిగదా అని ఇల్లాలి ప్రశ్న కొట్టేయడానికి లేదు. 2023లో మరమ్మతుల కోసం రోడ్డు వంతెన మీద రాకపోకలు కొన్నాళ్ళు ఆపేశారు. నాలుగో వంతెన ఉండబట్టి సరిపోయింది గాని, చుట్టు తిరిగినవాళ్ళకి తెలుసు ఆ బాధ. ఇక కొండగాలి పంపే ఎగువే వరదనీ పంపిస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. గట్టు ఎంత గట్టిదో, స్థలం ఎంత పల్లంలో ఉందో కనుక్కోవడం పిరికితనం కాదు.

గజం ధర, తూర్పు వాకిలి, గోదావరి గాలి అన్నీ చూసుకోండి, తప్పులేదు. కానీ ఆ ఇంట్లో రోజూ వంతెన దాటేదెవరు, ఆఖరి బస్సు తప్పిపోతే ఇంటికి చేరేదెలా అన్నది తేలేదాకా బయానా ఇవ్వకండి. ఆ దాటే మనిషి మీరే అయితే, స్థలం గురించి ఆఖరి మాట కూడా మీదే కావాలి.