పెన్సిలుతో రాసిన అర్జీ

అమెరికా పౌరసత్వం వచ్చాక మొదటిసారి జ్యూరీకి పిలుపొస్తే, ఇక్కడ ఫ్లోరిడాలో కోర్టుకెళ్లాను. దొంగతనం కేసు. ముద్దాయి కుర్రాడి పక్కన ఒకావిడ కూర్చుని, కాగితాలు తిప్పుతూ అతనికి మెల్లగా ఏదో చెబుతోంది. ఆవిడ సర్కారు జీతమిచ్చి పెట్టిన వకీలు. నేరం మోపేదీ సర్కారే, కాపాడుకోమని వకీలును ఇచ్చేదీ సర్కారే! ఇక్కడివాళ్లకు అది మామూలు సంగతి. కానీ ఆ హక్కు వచ్చి అరవై ఏళ్లు దాటిందంతే. వచ్చింది కూడా ఒక ఫ్లోరిడా ఖైదీ వల్లే.

1961 జూన్‌లో ఫ్లోరిడాలోని పనామా సిటీ అనే ఊళ్లో ఎవరో ఒక పూల్ హాలు తలుపు పగలగొట్టి చిల్లర, బీరు, వైను పట్టుకుపోయారు. తెల్లవారుజామున అక్కడ చూశానని ఒకడు చెబితే క్లారెన్స్ గిడియన్ అనే పేదవాణ్ణి పట్టుకున్నారు. వకీలును పెట్టమని అతను జడ్జిని అడిగాడు. మరణశిక్ష పడే కేసులకైతేనే చట్టం ఒప్పుతుందన్నారు. తన వాదన తనే చెప్పుకున్నాడు. ఐదేళ్ల జైలు పడింది.

ముద్దాయికి వకీలు సాయం ఉండాలని ఇక్కడి రాజ్యాంగంలో 1791లోనే రాసుకున్నారు. డబ్బులేనివాడి సంగతి మాత్రం తేలలేదు. 1932లో, అలబామాలో మరణశిక్ష పడిన నల్లజాతి కుర్రాళ్ల కేసులో, అలాంటి కేసుల్లో వకీలును పెట్టుకోలేనివారికి కోర్టే వకీలును ఇవ్వాలంది అమెరికా సుప్రీంకోర్టు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ మనవాళ్ల కోసం 1951లో మన సుప్రీంకోర్టులో చూపించిన తీర్పు ఇదే. మన కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

గిడియన్ జైల్లోనే చట్టం పుస్తకాలు చదివి, 1962 జనవరిలో పెన్సిలుతో అమెరికా సుప్రీంకోర్టుకు అర్జీ రాశాడు. 1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జీలూ, ఇలాంటి కేసుల్లోనూ పేదవాడికి వకీలును ఇవ్వాల్సిందేనని, ఒక్కమాటగా అతని పక్షాన నిలిచారు. తీర్పు రాసిన హ్యూగో బ్లాక్ 1942లో ఇదే మాట చెప్పి అప్పుడు మైనారిటీలో మిగిలిపోయాడు.

ఆ తర్వాత జరిగిందే నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఆగస్టులో మళ్లీ విచారణ. అదే ఊరు, అదే జడ్జి, అదే సాక్షి. ఈసారి గిడియన్ పక్కన ఫ్రెడ్ టర్నర్ అనే వకీలున్నాడు. సాక్షి గురించి ముందే ఊళ్లో వాకబు చేసి వచ్చాడు. ఆ వేళప్పుడు నీకక్కడేం పని, దొంగలకు కాపలా కాసింది నువ్వే కాదా అన్నట్టుగా నిలదీశాడు. జ్యూరీ గంటసేపట్లో గిడియన్ నిర్దోషి అని తేల్చింది. రెండేళ్లు జైల్లో మగ్గిన మనిషి!

మన రాజ్యాంగంలోనూ పేదలకు ఉచిత న్యాయ సాయం అందాలనే 39ఏ అధికరణం ఉంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. మీకు తెలిసినవాళ్లెవరైనా జైల్లో ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. బతిమాలుకోవద్దు, హక్కుగా అడగండి.