హైదరాబాదు క్లోరోఫారం కమిషన్: ఎన్నిసార్లు చూస్తే చూసినట్టు?

జ్ఞానానికి మూలం తర్కమా, అనుభవమా అనే వివాదాన్ని మనం తాత్త్వికుల వాదులాటగానే చదువుకుంటాం. ఒకవైపు డెకార్ట్, లైబ్నిట్స్, మరోవైపు లాక్, హ్యూమ్. మన దగ్గరైతే ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదన్న చార్వాకులు ఒకవైపు, అనుమానాన్ని, అంటే చూసినదాన్ని బట్టి చూడనిదాన్ని తేల్చుకోవడాన్ని, కూడా ప్రమాణంగా నిలబెట్టిన నైయాయికులు మరోవైపు. పరీక్షలో మార్కులకు ఇంతమాత్రం సరిపోతుంది. అయితే ఇదే వివాదం 1880ల చివర హైదరాబాదులో నిజాం ఖజానా సొమ్ముతో, వందలాది జంతువుల ప్రాణాలతో నడిచింది. ఆ కథ చెప్పేవాళ్లు దాన్ని పుస్తకాల వైద్యులకూ చేతి వైద్యులకూ మధ్య పోటీగా చెబుతారు. లండన్ వాళ్లది సిద్ధాంతం, హైదరాబాదు వాళ్లది అనుభవం అంటారు. కాగితాలు చూస్తే ఈ పంపకం నిలవదు. హైదరాబాదులో అనుభవానికి కరువు లేదు, తర్కానికీ లేదు. కూడబెట్టిన అనుభవం ఏ ప్రశ్నకు జవాబో నిలదీసి అడిగినవాళ్లే కరువయ్యారు.

క్లోరోఫారం మత్తుమందుగా వాడుకలోకి వచ్చింది 1847 నవంబరులో, ఎడింబరోలో. జేమ్స్ యంగ్ సింప్సన్ తన ఇంట్లోనే, ఇద్దరు సహాయకులతో కలిసి దాన్ని పీల్చి చూశాడు. మూడు నెలలు నిండకముందే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర హనా గ్రీనర్ అనే 15 ఏళ్ల పిల్ల కాలి గోరు తీయించుకుంటూ చనిపోయింది. అంతకు కొన్ని నెలల ముందు ఇంకో వేలి గోరును ఈథర్ ఇచ్చి తీశారు, ఏమీ కాలేదు. ఈసారి పిల్ల బాగా భయపడింది. కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డ మీద టీస్పూనుడు క్లోరోఫారం పోసి ముక్కు దగ్గర పట్టారు. అర నిమిషంలో చెయ్యి బిగుసుకుంది. కత్తి పెట్టగానే ఒక్కసారి విదిలించుకుంది, పెదవులు తెల్లబోయాయి. రెండు మూడు నిమిషాల్లో అంతా అయిపోయింది. తేరుకుంటుందని నోట్లో పోసిన నీళ్లూ బ్రాందీ గొంతుకు అడ్డుపడి ఊపిరాడక పోయిందన్నాడు సింప్సన్. గుండె ఆగి పోయిందన్నాడు లండన్ వైద్యుడు జాన్ స్నో. తర్వాత 60 ఏళ్లకు పైగా సాగిన తగవంతా ఈ రెండు మాటల చుట్టూ తిరిగిందే. ఆ పిల్ల భయపడిందన్న సంగతిని కాగితం మీద రాశారు గానీ లెక్కలోకి తీసుకోలేదు.

కలరా నీళ్ల ద్వారా వస్తుందని బ్రాడ్ స్ట్రీట్ బోరింగు దగ్గర 1854లో చూపించిన స్నోయే ఈయన. పీల్చే గాలిలో క్లోరోఫారం పాలు ఎంతో లెక్కకట్టి, అది మించితే గుండె చచ్చుబడుతుందన్నాడు, కొలిచి ఇచ్చే పరికరం కూడా తయారు చేసుకున్నాడు. 1858లో అచ్చయిన ఆయన పుస్తకంలో 50 మరణాల వివరాలున్నాయి. ఎడింబరో సర్జన్ జేమ్స్ సైమ్‌ది ఇంకో దారి. పరికరం అక్కర్లేదు, గుడ్డ మడతపెట్టి ధారాళంగా ఇవ్వండి, నాడి జోలికి పోకుండా ఊపిరిని కనిపెట్టి ఉండండి అన్నాడు. లండన్ వాళ్ల వేళ్లు రోగి మణికట్టు మీద, ఎడింబరో వాళ్ల కళ్లు రోగి రొమ్ము మీద. రెండు వర్గాలకూ తర్కం ఉంది, అనుభవమూ ఉంది. ఎవరి లెక్క ప్రకారం వాళ్లదే సురక్షితమైన పద్ధతి.

సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, వైద్య పాఠశాలకు కూడా పెద్దయ్యాడు. గురువు చెప్పిన పద్ధతిలోనే వేలమందికి క్లోరోఫారం ఇప్పించాడు. ఊపిరి సరిగా చూసుకుంటే ఎవరూ చనిపోరన్నది అతని పట్టు. మరి ఇంగ్లండులో చనిపోతున్నారు కదా అంటే, అక్కడ ఊపిరి వదిలేసి నాడి పట్టుకు కూర్చుంటున్నారు గనక అన్నాడు. ఈ వాదానికి ఎదురు లేదు: రోగి బతికితే ఊపిరి చూసినట్టు, పోతే చూడనట్టు. ఏ మరణమూ దాన్ని తప్పని చెప్పలేదు. అనుభవమే దిక్కు అని చాటిన మనిషి అనుభవం తాకలేని సూత్రం కింద తలదాచుకోవడం నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా తోస్తుంది.

ఈ వాదాన్ని పరీక్షించడానికి 1888లో మొదటి కమిషన్ కూర్చుంది. నూటికి పైగా ఊరకుక్కలకు క్లోరోఫారం ఇచ్చి చూసి, ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, ఆ తర్వాతే గుండె ఆగింది అని తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక పెదవి విరిచింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం వెయ్యి పౌన్లు ఇస్తాం, మీకు నమ్మకమైన మనిషినే పంపించి చూసుకోండి అంది. పరిశోధనకు డబ్బిచ్చి, తీర్పు చెప్పే పని అనుమానించినవాళ్లకే అప్పగించడం ఈ రోజుల్లో కూడా అరుదే. లాన్సెట్ పంపిన లాడర్ బ్రంటన్ సామాన్యుడు కాదు. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించినవాడు. వచ్చేటప్పుడు గుండెకే ప్రమాదమన్న పక్షంలో ఉన్నాడు. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈ రెండో కమిషన్‌లో, కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. కొన్నిటికి రక్తనాళంలో గొట్టం పెట్టి పాదరసపు మీటరుకు కలిపారు. ఆ మీటరు మీది ముల్లు మసి పూసిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద రక్తపోటును గీసుకుంటూ పోయేది. ఆ గీతల్లో కూడా ముందు ఆగింది ఊపిరే. బ్రంటన్ మనసు మార్చుకుని ఆ మాటే లండన్‌కు తంతి పంపాడు.

లారీ గురుభక్తి వల్లే కమిషన్ దారి తప్పిందని తర్వాత కొందరు చరిత్రకారులు రాశారు. భక్తి ఉన్నమాట నిజమే. బ్రంటన్‌కు ఆ భక్తి లేదు, అయినా అతనికి కనిపించింది అదే. అక్కడి ఏర్పాటులోకి ఎవరు అడుగుపెట్టినా ఆ ఫలితమే కనిపిస్తుంది. లోపం ఎక్కడుందో చెప్పడానికి నాకు అన్నంభట్టు అక్కరకొస్తున్నాడు. 17వ శతాబ్దపు ఈ తెలుగు పండితుడి తర్కసంగ్రహం దేశమంతటా తర్కం మొదలుపెట్టేవాళ్ల చేతికి మొదట వచ్చే పుస్తకం. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందని ఒకడు అనుకున్నాడు. వంటింట్లో చూశాడు, యాగశాలలో చూశాడు, ఎక్కడా తప్పలేదు. ఎర్రగా కాల్చిన ఇనుపగుండులో మాత్రం నిప్పే ఉంది, పొగ లేదు. వాడు అంతవరకు చూసిన చోట్లన్నిటా తడి కట్టెలున్నాయి. పొగకు కారణం నిప్పొక్కటే అనుకున్నాడు గాని, దాన్ని తడి కట్టె నిర్ణయించింది. ఇలా చాటున ఉండి నియమాన్ని చెడగొట్టే షరతుకు తర్కశాస్త్రంలో ఉపాధి అని పేరు. పదిసార్లు చూసినా పదివేలసార్లు చూసినా, చూసిన ప్రతిచోటా తడి కట్టే ఉంటే నియమానికి కొత్త బలమేమీ రాదు.

హైదరాబాదు ప్రయోగాల్లో ఆ తడి కట్టె మత్తు గాఢత. చాలా జంతువులకు ఊపిరి ఆగేదాకా క్లోరోఫారం ఎక్కిస్తూనే పోయారు. అలా చంపితే ముందు ఊపిరే ఆగుతుంది, అందులో కమిషన్ పొరపాటేమీ పడలేదు. హనా గ్రీనర్ పోయింది ఆ దశలో కాదు. స్నో పోగుచేసిన 50 మరణాల్లోనూ చాలావరకు మత్తు పెట్టడం మొదలైన కాసేపటికే, చిన్నచిన్న ఆపరేషన్లలో జరిగినవే. ఎక్కువ మందు అంటే ఎక్కువ ప్రమాదం అనే ఊహను రెండు పక్షాలూ కళ్లు మూసుకుని పట్టుకున్నాయి. స్నో సైతం ఆ మరణాలకు మొదట్లో చిక్కటి ఆవిరి ఒక్కసారిగా లోపలికి పోవడమే కారణమన్నాడు. గుండె సంగతి సరిగానే పట్టాడు, కారణం తప్పు చెప్పాడు. కాబట్టి తర్కం వైపు చూసినా ఇది గెలుపు కథ కాదు.

తేలిక మత్తులో కూడా పరీక్షించారు కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. కోత దెబ్బకు గుండె ఆగుతుందేమోనని కమిషన్ అలాంటి ప్రయోగాలు కూడా చేసింది. జంతువులు చావలేదు. అయితే వాళ్లు వెతికింది నరాల ద్వారా గుండె మందగించి ఆగిపోవడాన్ని. గుండె ఆగక ముందే గతి తప్పి, రక్తం తోయలేక వణుకుతూ ఉండిపోవడం వాళ్ల ఊహలో లేదు. సరిగ్గా ఆ వణుకు మనుషుల్లో అకస్మాత్తు మరణాలకు కారణం కావచ్చని స్కాట్లండులో జాన్ మెక్‌విలియం అప్పుడే రాస్తున్నాడు. భయపడిన ఒంట్లో ఊరే అడ్రినలిన్ గురించి 1889లో ఎవరికీ తెలియదు. తెలియని దాన్ని వెతకలేదని వాళ్లను తప్పుపట్టడం సరికాదు. తప్పుపట్టవలసింది ఇంకొకటుంది: కొన్ని ప్రయోగాల్లో జరగకపోయినదాన్ని ఎప్పుడూ జరగదని చాటడం. చార్వాకులు అనుమానాన్ని తోసిపుచ్చింది ఈ దూకుడు చూసే. నైయాయికులు ఇచ్చిన జవాబు వ్యాప్తిని, అంటే ఒకటున్న చోటల్లా రెండోది ఉంటుందనే నియమాన్ని, వదులుకోమని కాదు, ఉపాధి ఉందేమో వెతకమని.

వెతికినవాడు గుడ్‌మన్ లెవీ. 1911లో థామస్ లూయిస్‌తో కలిసి పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో, క్లోరోఫారం తక్కువ పాళ్లలో ఉన్నప్పుడే గుండె గతి తప్పుతోందని చూపించాడు. ఆ స్థితిలో అడ్రినలిన్ ఎక్కిస్తే గుండె కింది గదులు వణికి జంతువు ప్రాణం పోయేది. మత్తు గాఢంగా ఉంటే అంత తేలిగ్గా పోయేది కాదు. అంటే భయస్థుడికి జాగ్రత్త పేరుతో కొద్దికొద్దిగా ఇవ్వడమే చంపుతోందన్నమాట. చివరికి తేల్చింది కూడా ప్రయోగమే కదా, అనుభవానిదే పైచేయి కదా అనవచ్చు. ప్రయోగమే, కాదనను. హైదరాబాదులో కూడా పిల్లులున్నాయి, క్లోరోఫారం ఉంది, గీతలు గీసే డ్రమ్ము ఉంది. ఏ దశలో, దేనితో కలిస్తే అన్న ప్రశ్న అక్కడ లేదు. ఆ ప్రశ్న పుట్టడానికి పాత మరణాల కాగితాలను మళ్లీ తర్కించి చదవాలి. చదివాక జవాబు కోసం జంతువు దగ్గరికి వెళ్లక తప్పదు.

లారీని పూర్తిగా కొట్టిపారేయడం కూడా సబబు కాదు. ఊపిరి కనిపెట్టి ఉండమన్న అతని నియమం మోతాదు మించి చావబోయిన ఎందరినో కాపాడి ఉంటుంది. అతని పాఠశాలలో చదివి క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీ మన దేశపు తొలి మత్తు వైద్యురాళ్లలో ఒకరు. అయినా కమిషన్ తీర్పు నాడి చూడనక్కర్లేదన్న ధీమాకు ముద్ర వేసింది, ఆ ధీమా లెవీ దాకా చాలా ఆపరేషన్ గదుల్లో నిలిచింది. క్లోరోఫారం ఆ తర్వాత మెల్లగా వెనకబడి, 20వ శతాబ్దం మధ్యకల్లా దాదాపు వాడుక తప్పింది. 1956లో హాలోథేన్ అనే కొత్త మత్తుమందు వచ్చేసరికి, అడ్రినలిన్‌తో కలిస్తే గుండె గతి ఏమవుతుందన్నది దాని తొలి పరీక్షల్లోనే చేరిపోయింది.