ఖసూర్ ఒక్కడిదేనా?

ఎక్కడైనా పెద్ద హాదసా జరిగితే జనం నోట మొదట వచ్చే సవాల్ ఒకటే: ఖసూర్ ఎవరిది? ఒక్క పేరు దొరికితే మనసుకు తసల్లీ. దొరకకపోతే అఫ్వాహ్‌లు పుడతాయి. ఖరాబ్ మౌసంలో కూలిన చిన్న విమానాల విషయంలో ఇది మరీ ఎక్కువ. కళ్లారా చూసిన గవాహ్ ఉండడు, నడిపిన మనిషి బతికి ఉండడు. 1959లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో జరిగిన హాదసా, దాని మీద నడిచిన తహ్కీక్ ఈ విషయంలో మనకు చాలా నేర్పుతాయి.

ఆ ఏడాది చలికాలంలో కొందరు యువ గాయకులు ఊరూరా తిరిగి పాడుతున్నారు. వాళ్ల బస్సులో హీటర్ పనిచేయడం మానేసింది. డ్రమ్స్ వాయించే కుర్రాడి కాళ్లు మంచుకు దెబ్బతిని ఆస్పత్రి పాలయ్యాడు. ఈ తక్లీఫ్ భరించలేక బడీ హోలీ అనే 22 ఏళ్ల గాయకుడు, క్లియర్ లేక్ ఊళ్లో పాట ముగిశాక చిన్న విమానం కిరాయికి మాట్లాడాడు. జ్వరంతో ఉన్న 28 ఏళ్ల రిచర్డ్‌సన్‌కు ఒక సాథీ తన సీటు వదిలిపెట్టాడు. 17 ఏళ్ల రిచీ వాలెన్స్ నాణెం ఎగరేసి మరో సీటు గెలుచుకున్నాడు. పైలెట్ రోజర్ పీటర్సన్‌కు 21 ఏళ్లు.

ఫిబ్రవరి 3, రాత్రి ఒంటిగంట కావస్తుండగా మేసన్ సిటీ నుంచి నాలుగు సీట్ల బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా పైకి లేచింది. వెళ్లాల్సింది ఫార్గోకు. విమానం యజమాని కింద నిలబడి చూస్తున్నాడు. కొద్ది నిమిషాల్లో తోక దీపం మెల్లగా కిందికి దిగుతూ నజర్ నుంచి మాయమైంది. రేడియోలో ఎంత పిలిచినా జవాబు లేదు. తెల్లవారాక ఆ యజమానే మరో విమానంలో వెతుకుతూ వెళ్లి, ఆరు మైళ్లలోపే ఒక పొలంలో శకలాలు చూశాడు. నలుగురూ అప్పటికే పోయారు.

తహ్కీక్ జరిపిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు ముందు విమానాన్నే పరీక్షించింది. గాలిలో ఏ భాగమూ ఊడిపోలేదు. నేలను తాకే వరకు ఇంజన్ నడుస్తూనే ఉంది. కుడి రెక్క ముందుగా నేలను కొట్టింది. అప్పటి వేగం గంటకు దాదాపు 170 మైళ్లు. అంటే మిషన్ బాగానే ఉంది. మరి ఖరాబీ ఎక్కడ?

మొదటిది మౌసం, దాంతో పాటు మౌసం ఖబర్. బయలుదేరే ముందు పీటర్సన్ వాతావరణం గురించి ఒకటికి నాలుగుసార్లు అడిగాడు. మరీ భయపడాల్సిన ఖబర్ ఏదీ అతనికి చెప్పలేదు. కానీ మంచు పట్టీ ఒకటి ముంచుకొస్తోందని వాతావరణ శాఖ ఆ రాత్రే రెండు హెచ్చరికలు పంపింది. వాటిని పైలెట్‌కు చెప్పినట్టు స్టేషన్ సిబ్బందిలో ఒక్కరికీ యాద్ లేదు.

రెండోది పైలెట్ తజుర్బా. అతను 700 గంటలకు పైగా విమానం నడిపినవాడే. కాని నేల, ఆకాశం కనపడనప్పుడు కేవలం మీటర్లు చూసి నడిపే ఇజాజత్ అతనికి లేదు. అంతకు ముందు ఏడాది ఆ ఇమ్తెహాన్‌లో ఫెయిలయ్యాడు. ఆ రాత్రి చుక్కలు లేవు, కింద పొలాల్లో దీపాలూ లేవంటే లేవు. అలాంటి అంధేరాలో మన చెవి లోపలి తరాజు ధోకా ఇస్తుంది. విమానం మెల్లగా పక్కకు ఒరుగుతున్నా, సీదాగా పోతున్నట్టే అనిపిస్తుంది. అప్పుడు శరీరం చెప్పేది కాక, మీటర్ చెప్పేదే నమ్మాలి.

మూడోది ఆ మీటరే. విమానం ముక్కు పైకుందో కిందికుందో చూపే పరికరం ఆ బొనాంజాలో పాత తరహాది. పీటర్సన్ నేర్చుకున్న పరికరానికి ఇది ఉల్టాగా చూపుతుంది. దిగుతుంటే ఎక్కుతున్నానని అతను అనుకొని ఉండవచ్చని బోర్డు అభిప్రాయపడింది.

1959 సెప్టెంబరులో వచ్చిన ఫైస్లాలో ముఖ్య సబబ్‌గా రాసింది పైలెట్ నిర్ణయాన్నే. మీటర్లు చూసి నడిపే అర్హత లేకుండా, అవి తప్ప దారి లేని రాత్రి బయలుదేరడం సరికాదన్నారు. అయితే అక్కడితో ఆపలేదు. మౌసం ఖబర్ చెప్పడంలో లోపాలనూ, ఆ పరికరం అతనికి అలవాటు లేకపోవడాన్నీ పక్కనే రాశారు. ఇన్సాఫ్ అంటే ఇదే. చనిపోయినవాడి గల్తీని దాచలేదు, బతికున్నవాళ్ల జిమ్మేదారీని మాఫ్ చేయలేదు.

అయినా అఫ్వాహ్‌లు ఆగలేదు. మంచు కరిగాక పొలంలో హోలీ పిస్తోలు దొరికింది. ఇంకేం, విమానంలో కాల్పులు జరిగాయన్నారు. రిచర్డ్‌సన్ మయ్యత్ కాస్త దూరంగా పడి ఉండడంతో, అతను బతికే ఉండి సాయం కోసం నడిచాడని కొందరన్నారు. చివరికి 2007లో అతని కొడుకు ఖబర్ తెరిపించి నిపుణుడితో పరీక్ష చేయించాడు. తూటా జాడ లేదు. ఎముకలు విరిగిన తీరును బట్టి మౌత్ ఆ క్షణంలోనే వచ్చిందని తేలింది. అప్పటికి 48 ఏళ్లు. ఒక కొడుకు తండ్రి సమాధి తవ్వించాల్సి వచ్చిందంటే అఫ్వాహ్ బరువు ఎంతో ఊహించండి.

మన దగ్గరా ఇలాంటిది చూశాం. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్ట మీద కూలి, ఐదుగురు పోయారు. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్ తగ్గిందన్న హెచ్చరిక రావడం, పైలెట్ల ధ్యాన్ చాలాసేపు దాని మీదే ఉండిపోవడం, దట్టమైన మబ్బుల్లో గాలి కిందికి తోసేయడం కలిసి దాన్ని కూల్చాయని తహ్కీక్ చెప్పింది. కుట్ర జరిగిందన్న మాట మాత్రం ఇంకా వినబడుతూనే ఉంది. అభిమానించిన మనిషిని మబ్బు, మీటర్ కలిసి తీసుకుపోయాయంటే దిల్ ఒప్పుకోదు మరి.

హాదసా సాధారణంగా ఒక్క దెబ్బతో రాదు. చెప్పని ఒక ఖబర్, రాని ఒక హునర్, కొత్త పరికరం, తొందర, చలి వరుసగా చేరి ఒక జంజీర్ అవుతాయి. అందులో ఏ ఒక్క కడీ తెగినా నలుగురు ఇళ్లకు చేరేవారు. తహ్కీక్ చేసేది పోయినవాళ్లను తిరిగి తేవడానికి కాదు. రేపు మరో చోట, మరో రాత్రి, ఎవరో ఒకరు ఆ కడీని సమయానికి తెంచడానికి.